చీమ కూడా లేని చోటు

అగ్నిపర్వతం పాదాన ఉన్న చిన్న ఆరామంలో సోణుడికి ధ్యానం కుదరడం లేదు. కళ్ళు మూస్తే చాలు, కోళ్ళ గోల, పక్కవాడి దగ్గు, చెవి దగ్గర దోమ. సన్యాసం పుచ్చుకుని మూడేళ్ళయినా మనసు నిలవడం లేదని పాపం లోలోపల కుమిలిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే కొండ మీంచి పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"గురువుగారూ, చోటు దొరికింది! పైన ఒక గుంట. పిట్ట కూత లేదు, చీమ కూడా లేదు. మధ్యలో ఉన్న బండ మీద కూర్చున్నాను. కాసేపటికే తల తేలిపోయింది, ఒళ్ళు తెలియలేదు. ఇక నలభై రోజులు అక్కడే. రాత్రి పడుకోవడానికి బండ కింద నేల మీద చాప కూడా పరిచి వచ్చాను."

గురువు రేవతాచార్యులు గబుక్కున లేచారు. "పద, చూపించు," అంటూ లాంతరు అందుకున్నారు.

పట్టపగలు లాంతరెందుకో సోణుడికి అర్థం కాలేదు. పెద్దాయన చాదస్తం అనుకున్నాడు. మోకాళ్ళ నొప్పులతో ఆయన ఆగి ఆగి ఎక్కేసరికి రెండు గంటలు పట్టింది.

గుంట అంచున నిలబడి ఆచార్యులు లాంతరు వెలిగించారు. చేతికర్ర చివర తగిలించి మెల్లగా లోపలికి దించారు. ఆకు కూడా కదలడం లేదు. బండ ఎత్తు దాకా దీపం నిలకడగానే ఉంది. ఇంకాస్త దించగానే ఆరిపోయింది.

"చమురు అయిపోయిందేమో," అన్నాడు సోణుడు.

ఆచార్యులు లాంతరు ఊపి చూపించారు. సగానికి పైగా ఉంది. మళ్ళీ వెలిగించి దించారు. సరిగ్గా అక్కడే ఆరిపోయింది.

"ఇదేం వింత! ఉండండి, దిగి చూస్తాను," అంటూ సోణుడు ముందుకు కదిలాడు. గురువు అతని చీవరం చెంగు గట్టిగా పట్టుకున్నారు.

"కొండ లోపల నిప్పుంది నాయనా. దాని ఊపిరి పగుళ్ళలోంచి పైకొస్తుంది. కంటికి కనపడదు. మన గాలి కన్నా బరువు, అందుకే పల్లం చూసుకుని చేరుతుంది."

సోణుడు కిందికి చూశాడు. తను పరిచిన చాప అంచున ఒక కుందేలు పడి ఉంది. గాయం లేదు. నిద్రపోతున్నట్టే ఉంది.

అతను అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఒళ్ళు తెలియకపోతే మనసు కుదిరిందనుకున్నాను," అన్నాడు.

ఆచార్యులు చెంగు వదల్లేదు.

"కుదరకపోతే పోనీ నాయనా. ముందు నువ్వు బతికుండు."