పైడయ్య పెట్ట పెట్టిన పన్నెండు గుడ్లు

గెడ్డవలసలో తెలివైనవాళ్ళ ఇల్లు ఏదని పైడయ్యని అడిగితే తన ఇల్లే చూపిస్తాడు. ఊళ్ళో ఇంకెవరిని అడిగినా ఆ ఇల్లే చూపిస్తారు, కాకపోతే నవ్వాపుకోలేక చూపిస్తారు. ఆ ఇంట్లో పైడయ్య, అతని పెళ్ళాం పోలమ్మ, తమ్ముడు సన్నాసి ఉంటారు. చెప్పిన మాట పొల్లు పోకుండా చేసే రకం ముగ్గురూ. వచ్చిన చిక్కల్లా అదే.

వాళ్ళ కూతురు గౌరి అత్తారింట్లో కడుపుతో ఉంది. రోజుకో గుడ్డు తినమని నర్సమ్మ చెప్పిందట. "కొట్లో గుడ్డు నా కూతురు తినడమేటి? పురిటికొచ్చినప్పుడు ఇంటి గుడ్డే పెడతాను" అని పైడయ్య మాటిచ్చేశాడు. ఒక్కగానొక్క కూతురు మరి, ప్రాణమంతా దాని మీదే. అంతే! సంతకెళ్ళి దాలెమ్మ దగ్గర అసీలు జాతి పెట్టనీ పుంజునీ కొన్నాడు. గుడ్లకి పెట్ట, పురుడయ్యాక కూరకి పుంజు. పెట్ట ఒక్కటే మూడు కిలోలు తూగింది.

దాలెమ్మ తాతలనాటి నుంచీ ఆ జాతి కోళ్ళే పెంచుతోంది. "ఇవి బరువు కోళ్ళు బాబూ. ఎత్తెక్కనీకు, దూకితే కాళ్ళు విరుగుతాయి. పొద్దున్న గుప్పెడు, సాయంత్రం గుప్పెడు చోళ్ళు వెయ్యి. గూట్లో గుడ్లన్నీ తీసీకు, ఒకటి వదిలీ. అది సూసుకునే పెట్ట మళ్ళీ పెడతాది. పొదిగినప్పుడు ఇరవయ్యొక్క రోజులు కదపకు" అంది.

ఇంటికి రాగానే పెట్ట గోడెక్కి కూర్చుంది. ఇంకేముంది! సన్నాసి దుప్పటి పరిచి పట్టుకుని కింద నిలబడ్డాడు. అది అటు నడిస్తే అటు, ఇటు నడిస్తే ఇటు. సాయంత్రానికి అది పక్కింటి వైపు దిగి, వీధి గుమ్మంలోంచి నడిచొచ్చింది. అసలు గోడే లేకపోతే ఎక్కదు కదా అనుకున్నారు. మర్నాడు ముగ్గురూ కలిసి గోడ పడగొట్టేశారు.

ఆ తర్వాత మేత. గుప్పెడంటే ఎవరి గుప్పెడు? పోలమ్మది చిన్నది, సన్నాసిది చేటంత. పైడయ్య మళ్ళీ నడిచెళ్ళి దాలెమ్మ గుప్పిటని తాడుతో చుట్టూ కొలుచుకొచ్చాడు. రోజూ ఆ తాడు నేలమీద పరిచి, దాని పొడుగునా చోళ్ళు, అదే రాగులు, ఒక్కొక్కటే పేర్చి పెట్టేవారు. కోళ్ళు మాత్రం తెలివైనవి. గోడ లేదు కదా, పక్కిళ్ళల్లో మేసి బలిశాయి.

గౌరి పుట్టింటికి వచ్చిన రోజే పెట్ట మొదటి గుడ్డు పెట్టింది. పైడయ్యకి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ ఒకటి వదలాలి కదా, వదిలేశారు. మర్నాటికి రెండయ్యాయి. ఇందులో వదలాల్సింది ఏది?

"పెద్దదేమో" అంది పోలమ్మ.

"తెల్లగున్నదేమో" అన్నాడు సన్నాసి.

"తప్పుది తీసీస్తే పెట్ట మరి పెట్టదు. రెండూ ఉండనీండి" అని పైడయ్య తేల్చేశాడు.

మూడోనాడు మూడు, నాలుగోనాడు నాలుగు. "ఏదో ఒకటి ఉడకబెట్టు నాన్నా!" అని గౌరి మొత్తుకుంది. ఆ ఇంట్లో పుట్టి ఆ పిల్లకి బుద్ధి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. "తొందరపడకమ్మా, నీకోసమే కదా దాస్తన్నాం" అన్నాడు పైడయ్య.

పన్నెండయ్యేసరికి పెట్ట పొదగడానికి కూర్చుంది. ఇక కదపకూడదు. వంతులేసుకుని కాపలా కాశారు. గౌరి ఆ పక్కకి వెళితే చాలు, ముగ్గురూ నోటిమీద వేలేసుకుని "ష్!" అనేవారు. పెట్ట మేతకి లేవబోతే సన్నాసి నోటికే అందించాడు. పది వేళ్ళూ పొడిపించుకున్నాడు.

ఇరవయ్యొకటో రోజు తెల్లారగానే పైడయ్య గిన్నె పట్టుకుని గూటి దగ్గరికి ఉరికాడు. చూస్తే అన్నీ పెంకులే. వాటి మధ్య పన్నెండు కోడిపిల్లలు కిచకిచమంటున్నాయి.

"దొంగలు! గుడ్లలో దూరి అంతా తినీశాయిరా!" అని గుండెలు బాదుకున్నాడు.

సన్నాసి ఒక పెంకు తీసి తిప్పి తిప్పి చూశాడు. "తలుపే లేదు. ఎలగ దూరాయన్నా?"

పైడయ్య పెంకులు మూటగట్టుకుని దాలెమ్మ దగ్గరికి ఏడుస్తూ పరిగెత్తాడు. దాలెమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "దొంగలు కావయ్యా, ఆ పెట్ట పిల్లలే. పెంచు. నిదానంగా ఎదిగే జాతి, ఏడు నెలలకి అవీ గుడ్లు పెడతాయి."

హమ్మయ్య అనుకుంటూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఆటో ఉంది. గౌరికి నొప్పులొచ్చేశాయి. పోలమ్మ బట్టల మూటతో పక్కన కూర్చుంది. ఒక్క గుడ్డయినా తినకుండా కూతురు పురిటికి వెళ్ళిపోతోంది! పైడయ్య వెళ్ళి ఆటో ముందు చక్రానికి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏడు నెలలు ఆగమ్మా! కోడిపిల్లలు గుడ్లు పెట్టీసినాక కందువుగాని!"

"ఇది ఆగేది కాదు నాన్నా! లే!" అని గౌరి అరిచింది.

"మీ నాన్న ఊరికే సెప్పడే, కాస్త ఆలోసించు" అంది పోలమ్మ.

సన్నాసి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నవాడు గట్టిగా చప్పట్లు కొట్టాడు. "అన్నా! మన చేను నానొక్కడినే కోత్తే పన్నెండ్రోజులు. పన్నెండుమంది కోత్తే ఒక్కరోజే కదా? ఒక కోడిపిల్లకి ఏడు నెలలు పడితే, పన్నెండూ కలిసి పదిహేడు రోజుల్లో కానిచ్చీవా?"

పైడయ్య మొహం వెలిగిపోయింది. లేచి ఆటోలోకి తలదూర్చి కూతురి నుదుటి చెమట తుడిచాడు.

"ఏడుపెందుకమ్మా, పదిహేడు రోజులే. పంటి బిగువున ఆపుకో."