చోటులేని సత్రం

కేదారికి శుభ్రం పిచ్చి. నీళ్లను కూడా కడిగి తాగే రకమని ఆశ్రమంలో తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఒళ్లు తోముకోవడం చాలక, లోపల కూడా ఏమీ మిగలకూడదని రోజూ కరక్కాయ పొడి మింగి కడుపు ఖాళీ చేసుకునేవాడు.

ఆషాఢంలో ఏటికి ఎర్రనీరు వచ్చింది. ఆ నీళ్లు అందరూ తాగారు. మంచం పట్టింది మాత్రం కేదారి. తగ్గిందనుకుంటే మళ్లీ విరేచనాలు, మళ్లీ జ్వరం. ఇంకోసారి వస్తే తాను బతకనని అతనికే తెలిసిపోయింది. భయమేసింది. అంతకు మించి ఉక్రోషం వచ్చింది.

“అడ్డమైనవీ తినేవాళ్లంతా గుండ్రాళ్లలా ఉన్నారు. నాకే ఎందుకిలా, స్వామీ?”

గురువు చిదంబరస్వామి గొడుగు అందుకున్నాడు. “అలా ఏటిగట్టు దాకా వెళ్లొద్దాం రా, నాయనా.”

వాన నిద్రలో గొణుగుతున్నట్టు సన్నగా పడుతోంది. చెట్లూ, దారీ తెల్లటి ఆవిరిలో కరిగిపోయాయి. నీరసానికి కేదారికి తాను నడుస్తున్నాడో కలగంటున్నాడో తెలియడం లేదు.

గట్టు మీద రెండు సత్రాలున్నాయి. బాటసారులు మురికి చేస్తున్నారని మొదటి సత్రం పెద్ద అందరినీ వెళ్లగొట్టి, గోడలకు సున్నం కొట్టించాడు. స్వామి తలుపు తోశాడు. లోపల దొంగలు కాళ్లు బారజాపుకుని జూదమాడుతున్నారు. తెల్లటి గోడల నిండా ఉమ్ములే.

“ఎవరూ లేరు కదాని దిగాం,” అన్నాడొకడు, సిగ్గులేకుండా.

రెండో సత్రంలో దీపం మసగ్గా వెలుగుతోంది. యాత్రికులు, పిల్లలు, మూటలు. అంతమంది ఊపిరీ కలిసి ఆ ఇల్లే నిద్రపోతున్నట్టుంది.

“వెళ్లి కాస్త నడుం వాల్చు,” అన్నాడు స్వామి.

కేదారి అడుగు పెట్టడానికి చూశాడు. సందు దొరకలేదు.

“లేదు బాబూ, చోటు లేదు,” అంది గుమ్మం దగ్గర కూర్చున్న ముసలమ్మ. “ఆ దొంగ సచ్చినోళ్లు కూడా ముందు ఇక్కడికే వచ్చారు. కాలు పెట్టే వీల్లేక అటు పోయారు.”

ఆమె ఒళ్లో ముంత ఉంది. అందులో పెరుగు కలిపి పులియబెట్టిన చద్దన్నం. స్వామి చెయ్యి చాపి ఒక ముద్ద అడిగి పుచ్చుకుని, కేదారి అరచేతిలో పెట్టాడు.

పుల్లటి వాసన గుప్పుమంది. కేదారి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“పులిసిపోయింది, స్వామీ. ఇందులో ఏమేం పురుగులుంటాయో!”

“మంచివాళ్లేలే,” అన్నాడు స్వామి. “చోటివ్వు.”