నరం దొరికే చెయ్యి

ఎస్తేరు మేడంకి ఏభై ఏడేళ్లు. ఎవరేం అడిగినా ముందు వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, ఆ తర్వాతే మాట్లాడుతుంది.

బస్టాండు వెనక, చెప్పుల షాపు మీద ఉన్న ఒక చిన్న పారామెడికల్ కాలేజీలో ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చెబుతుంది. ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న మృదుల ఇప్పుడు అక్కడే ట్యూటరు.

"మేడం, మన క్లాసులో కోయ పిల్లలున్నారు, లంబాడీలున్నారు, ముస్లింలు, మాల మాదిగలు, రెడ్లు, అందరూ ఉన్నారు. ఒకర్నొకరు పల్లెత్తు మాట అనుకోరు. అయినా ఇక్కడ తేడాలున్నాయని మీరెందుకంటారు?" అని అడిగింది మృదుల ఒకరోజు. అడగడంలో కాస్త గర్వం కూడా ఉంది.

మేడం చేతులు కడుక్కుని వచ్చింది. వాదించే ఓపిక లేనట్టు ప్రాక్టికల్ గదిలోకి నడిచింది. మృదుల వెనకే వెళ్లింది. పిల్లలు ఒకరి చేతినుంచి ఒకరు రక్తం తీస్తూ పని నేర్చుకునే గది అది. వారం తిరిగితే పరీక్ష. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు రక్తం తీసి చూపించలేకపోతే ఏడాది పోయినట్టే.

"అందరూ కోటు చేతులు మోచేతి పైకి మడవండి," అంది మేడం.

"పెళ్లిచూపులా మేడం?" అంది వెనక బెంచీలోని శ్రీవల్లి. అందరూ నవ్వారు.

చేతుల మీద ఒకటి రెండు సూది గుర్తులకి మించి లేవు. కిటికీ పక్కన కూర్చున్న కోయ పిల్ల సోడె ముత్తమ్మకి మాత్రం మోచేతి మడతలు రెండూ కమిలి నేరేడుపండు రంగుకి తిరిగాయి.

మృదుల గతుక్కుమంది. అయినా నోరు ఊరుకోలేదు. "ముత్తూకి నరం ఇట్టే దొరుకుతుంది మేడం. పాపం, ఏమీ అనదు కూడా. అందుకే భయపడేవాళ్లని ముందు దాని దగ్గరికి పంపిస్తాను."

"మరి నువ్వెప్పుడు తీశావే?" అని ముత్తూనే అడిగింది మేడం.

ముత్తూ మృదుల వైపు చూసి తల దించుకుంది. "నా వంతు వచ్చేసరికి బెల్లు కొడతారు మేడం."

మేడం కుర్చీ లాగి మృదులకి చూపించింది. "కూర్చో."

"నేనా? నాకు నరం అస్సలు దొరకదు మేడం!"

"దొరికేదాకా వెతుకుతుంది. సూది తియ్యవే ముత్తూ."

ముత్తూ కంగారుగా గుచ్చింది. సూది పక్కకి పోయింది. మృదుల "అమ్మా!" అని అరిచేసరికి, "సారీ మేడం, సారీ" అంటూ ఏడుపు మొహం పెట్టింది.

"నిన్ను గుచ్చినవాళ్లెవరైనా నీకు సారీ చెప్పారా?" అంది మేడం. "ఇంకో సూది తీసుకో."

రెండోసారి సిరంజిలోకి రక్తం ఎక్కింది. ముత్తూ ఊపిరి వదిలింది.

మృదుల గుచ్చిన చోట దూది అదుముకుంది. "ఎప్పుడూ ఏ గొడవా లేదు కదా, అందరూ బాగానే ఉన్నారనుకున్నాను మేడం," అంది.

మేడం కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

"గొడవల్లేని ఇంట్లోనే మృదులా, నేను పాతికేళ్లు నోరు మూసుకుని కాపురం చేశాను."

ముత్తూ పరీక్ష గట్టెక్కింది. ఎస్తేరు మేడం ఆ ఏడాదే ఉద్యోగం మానేసింది. ఎందుకని అడిగినవాళ్లకి, అలిసిపోయానని చెప్పింది.