రాక్షసి తల మీద మిగిలే వెంట్రుక

అనగనగా ఒక కొండ కింద తొమ్మిదే గడపలున్న ఊరు. ముందు ఆ కాలు నా మీంచి తియ్యి, అప్పుడు చెప్తాను.

ఆ ఊళ్ళో ఏదొచ్చినా తొమ్మిదిళ్ళ వాళ్ళూ సమానంగా పంచుకునేవాళ్ళు. పది సొరకాయలొస్తే ఇంటికొకటి పోగా ఒకటి మిగిలేది. దానికోసం కొట్లాట. వంద కొబ్బరికాయలొస్తే ఇంటికి పదకొండు పోగా మళ్ళీ ఒకటే మిగిలేది. మళ్ళీ కొట్లాట. బండెడు నిమ్మకాయలు, వెయ్యి, దింపినా అంతే, మిగిలేది ఒక్కటే. ఆ ఒక్కటీ ప్రతిసారీ చుక్కాలమ్మే పట్టుకుపోయేది. అంత నోరు ఆవిడది. మీ పెద్దత్త నోరు అందులో సగం కూడా ఉండదు.

ఒకరోజు కొండ మీంచి రాక్షసి దిగింది. చుక్కాలమ్మ మనవరాలు బంగారిని పట్టి మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది.

"నా తల మీద పన్నెండు కోట్ల నలభై లక్షల ముప్పై వేల ఐదు వందల నాలుగు వెంట్రుకలున్నాయి," అంది. "తొమ్మిది జడలు వెయ్యండి. అన్నిట్లోనూ సమానంగా ఉండాలి. ఒక్కటి మిగిలినా ఈ పిల్లని మింగుతాను. ఒక్కటి పీకితే ఊరందర్నీ మింగుతాను."

అప్పుడు కరణం పేరయ్య వచ్చి ఇసకలో లెక్క రాశాడు. రాక్షసి ఊపిరి వదిలింది. ఇసకంతా ఆయన కళ్ళల్లో పడింది. ఆయన ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. కళ్ళు కడుక్కోవడానికే వెళ్ళానని తర్వాత చెప్పుకున్నాడులే.

ఆ తర్వాత వస్తాదు కొండలు కర్ర తిప్పుకుంటూ వచ్చాడు. రాక్షసి ఒకసారి చూసింది. అతను కర్ర తిప్పుకుంటూనే వెనక్కెళ్ళాడు.

"నాయనమ్మా, ఊపిరాడట్లేదే," అంది బంగారి.

అప్పుడు చుక్కాలమ్మ వేళ్ళు మడవడం మొదలెట్టింది.

"పదైనా వందైనా వెయ్యైనా కోటైనా మిగిలేది ఒకటే కదా. పది కోట్లకి ఒకటి. రెండు కోట్లకి రెండు. నలభై లక్షలకి నాలుగు. ముప్పై వేలకి మూడు. ఐదు వందలకి ఐదు. చివరి నాలుగూ నాలుగే. అన్నీ కలిపి పంతొమ్మిది. వాటినీ పంచితే తలా రెండు, ఇక మిగిలేది..."

మళ్ళీ ఆ పాడు ఒక్కటే.

అప్పుడు చుక్కాలమ్మ రాక్షసి వెనక్కి వెళ్ళి నుంచుంది. "వదినా, నీ తలలో పేను," అంటూ ఒక వెంట్రుక పీకి నోట్లో కుక్కుకుంది.

"ఏం పీకావ్?" అంది రాక్షసి. మోకాళ్ళు బిగిశాయి. బంగారి మూలిగింది.

చుక్కాలమ్మ కొంగు ముడిలోంచి మినపగింజ తీసి, గోళ్ళ మధ్య పెట్టి టిక్కుమనిపించి చూపించింది. మాట్లాడలేదు. ఆవిడ నోరు మూసుకోవడం ఊరు చూడటం అదే మొదలు.

"హాయిగా ఉంది," అంది రాక్షసి. "ఇంకోటి చూడు."

ఊరంతా ఊపిరి బిగబట్టింది. చుక్కాలమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాత తొమ్మిదిళ్ళ ఆడవాళ్ళూ తొమ్మిది పాయలు పట్టుకున్నారు. నీకొకటి, నాకొకటి. ఎంతసేపు పట్టిందని అడక్కు. చివరి వంతు వచ్చింది. ఎనిమిదో ఆవిడ అందుకుంది. తొమ్మిదో పాయ చుక్కాలమ్మది. చెయ్యి చాపింది.

ఒక్కటి ఉంది. ఆ తర్వాత ఇంకేం లేదు.

రాక్షసి తలంతా తడుముకుంది. తొమ్మిది జడలూ ముందుకేసుకుని వాగులో చూసుకుంది. మోకాళ్ళు తెరిచి, బంగారిని వదిలి, కొండెక్కిపోయింది.

అప్పుడు చుక్కాలమ్మ నోట్లోంచి వెంట్రుక తీసి గడప మీద పెట్టింది. తొమ్మిదిళ్ళ వాళ్ళూ చుట్టూ మూగారు. అదిగో, మిగిలిన ఒక్కటి.

ఆ ఒక్కదానికి మాత్రం ఎవరూ నాకంటే నాకని కొట్లాడలేదు.

తొమ్మిది జడలు కొండకి,
తెగిన వెంట్రుక గాలికి,
కథ పోయింది కంచికి,
కళ్ళు మూయి నిద్దరకి.