ముందు బోయి కేక

అనగనగా అన్నప్పుడు ఊఁ అనండి. ఊఁ అనేవాళ్లు లేకపోతే నేను చెప్పలేను, నాకూ ఓపిక లేదు.

అనగనగా ఒక రాజ్యం. రాజుగారు మంచివాడే. కథల్లో రాజులు మంచివాళ్లే, కచేరీలే కాస్త దూరంగా ఉంటాయి. ఆ రాజ్యంలో ఒక ఊరు. ఆ ఊరికి ఒక పల్లకీ. ఆ పల్లకీకి నలుగురు బోయీలు. వాళ్లలో ముందు బోయి పేరు పైడయ్య.

ముందు బోయికి మోయడం ఒక్కటే పని కాదు. వెనక మోసేవాళ్లకి పల్లకీ తప్ప దారి కనపడదు. అందుకని కాళ్ల కింద ఏముందో ముందున్నవాడే కేకేసి చెప్పాలి. గుంట వస్తే "గుంట, వెనకోళ్లూ, గుంట!" అనాలి. రాయి వస్తే "రాయి, వెనకోళ్లూ, రాయి!" అనాలి. వెనకవాళ్లు "విన్నాం!" అనాలి. పైడయ్య నలభై ఏళ్లు అలా కేకేశాడు. నలభై ఏళ్లలో అతని వెనక ఒక్కడు కూడా బోర్లా పడలేదు.

ఇంతలో ఆ రాజ్యానికి మాయరోగం వచ్చింది. ఒకరి ఊపిరి ఇంకొకరికి తగిలితే చాలు, మంచం పట్టేవాళ్లు. పెళ్లిళ్లు ఆగిపోయాయి. తీర్థాలు ఆగిపోయాయి. నలుగురు రొప్పుతూ మోసే పల్లకీ ఇంకెవరు ఎక్కుతారు? ముందు భుజాలు ఖాళీ అయ్యాయి. తర్వాత బియ్యం కుండ ఖాళీ అయింది. తర్వాత పొయ్యి చల్లారింది.

పైడయ్యకి భార్య ఎర్రమ్మ తప్ప ఎవరూ లేరు. ఎర్రమ్మ దొరికిన నూకలతో గంజి కాచి అతనికి పోసేది, తను ముందే తాగేశానని చెప్పేది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు రాజుగారు చాటింపు వేయించాడు. రోగం వల్ల పని పోయినవాళ్లకి రోగం పోయేదాకా నెలనెలా బియ్యం ఇస్తారట. దానికి భృతి అని పేరు. కావలసినవాళ్లు కచేరీకి వచ్చి అర్జీ పెట్టుకోవాలట. మంచి మాటే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు కదా.

కచేరీ నాలుగు కోసుల దూరం. పైడయ్య నడిచాడు, నడిచాడు, నడిచాడు. అక్కడ పెద్ద వరస. మనిషికీ మనిషికీ మధ్య ఒక కర్ర పొడవు ఎడం. కిటికీలో మూతికి గుడ్డ కట్టుకున్న గుమాస్తా. ఆయన ఏం అడుగుతున్నాడో ఎదుటివాడికి తప్ప వెనకవాళ్లకి వినపడదు. ఒక్కొక్కరే కిటికీ దాకా వెళ్లడం, తల వంచుకుని తిరిగిపోవడం. ఎందుకు తిరిగిపోతున్నారో ఎవరికీ తెలీదు.

పైడయ్య వంతు వచ్చింది. బడిపంతులు చేత రాయించిన అర్జీ ఇచ్చాడు. గుమాస్తా చదివాడు.

"ఇందులో నాలుగు పేర్లున్నాయేమిటి?"

"పల్లకీని ఒక్కడు మోస్తాడేటి బాబూ? నలుగురం మోసేం. నలుగురికీ కలిపి ఒకటే పని పోనాది."

"అలా కుదరదు. ఒక అర్జీకి ఒక పేరు. రాసుకుని రా."

పైడయ్య తిరిగాడు. వెనక వరస చూశాడు. అందరికీ ముందున్నవాడి వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. అలవాటైన నోరు ఊరుకోదుగా!

"గుంట, వెనకోళ్లూ, గుంట! ఒక అర్జీకి ఒకటే పేరంట!"

వరసలో ఎవరూ పలకలేదు. కొందరు మాత్రం అర్జీలు తిప్పి చూసుకున్నారు.

నాలుగు కోసులు వెనక్కి నడిచాడు. నాలుగు అర్జీలు రాయించాడు. మళ్లీ నడిచాడు, నడిచాడు, నడిచాడు.

"నువ్వు బోయీవని సాక్ష్యమేదీ? నీ పల్లకీ ఎక్కినవాళ్లు ఎవరైనా చెప్పాలి" అన్నాడు గుమాస్తా.

"గుంట, వెనకోళ్లూ, గుంట! పని ఇచ్చినోళ్ల సాక్ష్యం కావాలంట!"

ఈసారి ఇద్దరు ముగ్గురు "విన్నాం" అన్నారు.

పైడయ్య ఊళ్లో పెద్దింటికి వెళ్లి వాకిట్లో నిలబడ్డాడు. ఆ ఇంటి నాయుడుగారు ఆ పల్లకీ ఎన్నిసార్లు ఎక్కారో లెక్కలేదు. అయినా ఎగాదిగా చూసి, "బోయీల ముఖాలు ఎవడు చూస్తాడయ్యా! నువ్వో కాదో నాకేం తెలుసు?" అన్నారు.

పైడయ్యకి ఏడుపొచ్చింది. నలభై ఏళ్లు మోస్తే ముఖం కూడా మిగల్లేదు. వెళ్లిపోదామని తిరిగాడు. లోపలినుంచి నాయుడుగారి ముసలితల్లి పిలిచింది.

"ఉండు నాయనా. ఓసారి గుంట అను."

"గుంట, వెనకోళ్లూ, గుంట!"

"ఇతనేరా. నేను కాపరానికి వచ్చినప్పుడు పరదా లోపల గడగడా వణికిపోతుంటే ఈ గొంతే వినపడింది. దారి తెలిసినవాడు ముందున్నాడని ధైర్యంగా కూర్చున్నాను. సాక్ష్యం రాసియ్యి" అంది ఆవిడ. తల్లి మాట కాదనలేక నాయుడుగారు రాసిచ్చారు.

సాక్ష్యం పట్టుకుని పైడయ్య మూడోసారి నడిచాడు. ఈసారి మధ్యలో రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది.

"నీ పని పోయింది ఏ రోజు? తిథి, వారం చెప్పు" అన్నాడు గుమాస్తా.

"పని ఒక్కరోజులో పోలేదు బాబూ. మెల్లగా పిలవడం మానేసేరు."

"అయితే ఆఖరిసారి మోసిన రోజు చెప్పు."

పైడయ్య ఆలోచించాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. "ఇదే ఆఖరి మోతని మోసినప్పుడు ఎవడికి తెలుస్తాది బాబూ?"

గుమాస్తా కూడా అలిసిపోయి ఉన్నాడు. "నేనేం చేయను, రోజు రాయాలని ఉంది" అన్నాడు.

"గుంట, వెనకోళ్లూ, గుంట! ఆఖరి మోత ఏ రోజో అడుగుతారంట, తలుచుకుని రండి!"

"విన్నాం, పైడయ్యా!" అంది వరస మొత్తం. ఆ రోజు చాలామందికి బియ్యం రాశారు. పైడయ్య ఉత్త చేతులతో ఇంటికి వచ్చి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. రోగమే అన్నారు కొందరు. ఆకలి అన్నారు కొందరు. నడక అంది ఎర్రమ్మ.

రోగానికి భయపడి పాడె మోయడానికి ఎవరూ రాలేదు. మిగిలిన ముగ్గురు బోయీలే వచ్చారు. ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు. ముందు చోటు ఖాళీ. ఎర్రమ్మ వచ్చి అక్కడ భుజం పెట్టింది.

తర్వాత వాళ్లు నలుగురూ కచేరీకి వెళ్లారు. ఎర్రమ్మ ముందు, ఆమె వెనక సన్నాసి అనే బోయి, ఆ వెనక మిగతా ఇద్దరు. పైడయ్య ఆఖరి మోత మాఘ పంచమి, బుధవారం జరిగిన పెళ్లికని ఎర్రమ్మ తలుచుకుని తలుచుకుని కనిపెట్టింది. ఒక పేరు, సాక్ష్యం, రోజు, మూడూ ఉన్న అర్జీ కిటికీలో పెట్టింది.

"మనిషేడీ?" అన్నాడు గుమాస్తా.

"సచ్చిపోనాడు బాబూ."

ఆయన అర్జీ తిరిగి ఇచ్చేశాడు. "పోయినవాడికి భృతి లేదమ్మా."

ఎర్రమ్మ వెనక్కి తిరిగింది. పైడయ్యలాగే కేకేసింది.

"గుంట, వెనకోళ్లూ, గుంట! సచ్చిపోకముందే రావాలంట!"

వరసలో ఎవరూ విన్నాం అనలేదు. తన వంతు వచ్చినా సన్నాసి కదల్లేదు.

"ముందు మనిషి దాటకుండా మేం ఎలాగ దాటుతాం బాబూ? ఆవిడ పేరునే రాయండి. ఆవిడా మోసింది."

"ఈమె బోయీనా? సాక్ష్యం ఎవరు?"

"మేం ముగ్గురం. ముందు చోట ఆవిడ మోసింది. వెనక మేం మోసేం."

గుమాస్తా కలం తీశాడు. "ఆఖరిసారి మోసింది ఏ రోజు?"

"దశమి, మంగళవారం" అంది ఎర్రమ్మ. "ఇదే ఆఖరి మోతని మోసినప్పుడే నాకు తెలుసు బాబూ."

గుమాస్తా ఇంకేమీ అడగలేదు. రాశాడు. నలుగురికీ బియ్యం వచ్చాయి. ఎర్రమ్మ ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, అలవాటు కొద్దీ ఇద్దరికి వండింది.

ఆ రోగం పోయింది. ఆ రాజు పోయాడు. పల్లకీలు కూడా పోయాయి. కచేరీలు ఉన్నాయి, వరసలూ ఉన్నాయి. ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ కిటికీ దగ్గర పని అయినా, కాకపోయినా, ఎవరూ ఊరికే వెళ్లిపోరు. వెనక్కి తిరిగి లోపల ఏం అడిగారో గట్టిగా చెప్పి మరీ పోతారు. చెప్పకుండా జారుకునేవాణ్ని "ఏరా, గుంట చెప్పవా?" అని ముసలాళ్లు ఆపేస్తారు. చెప్పింది మగవాడైనా, ఆడమనిషైనా, వరస మొత్తం ఒకటే బదులిస్తుంది.

"విన్నాం, పైడయ్యా!"

మీరూ విన్నారు కదా. ఇక లేవండి, వెనకవాళ్లకి చెప్పండి.