సుద్దముక్కలు తిన్న నూకరత్నం

ఇటు తిరిగి పడుకో తల్లీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ ఉప్పు పండించేవాళ్ళే. మళ్ళల్లోకి సముద్రపు నీళ్ళు పెట్టేవాళ్ళు, ఎండనిచ్చేవాళ్ళు, తేలిన ఉప్పుని చెక్కలతో లాగి కుప్పలు పోసేవాళ్ళు. ఆ నేలలో ఉప్పు తప్ప ఇంకేదీ పండేది కాదు. గడ్డి కూడా మొలిచేది కాదు.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. మూడో తరగతి. వాళ్ళ అమ్మా నాన్నా తెల్లారకముందే మళ్ళకి పోయేవాళ్ళు. అప్పుడు నూకరత్నం లేచి, గిన్నెలో మిగిలిన టీ నీళ్ళు తాగి, బడికి పోయేది.

ఆ పిల్లకి ఒక వింత పట్టుకుంది. ఒకరోజు పలక మీద రాస్తూ రాస్తూ బలపం నోట్లో పెట్టుకుంది. కటుక్కున కొరికింది. ఎంతో రుచిగా తోచింది. బలపానికి రుచేమిటి, చెప్పు? ఆ పిల్లకీ అర్థం కాలేదు.

ఆ తర్వాత బలపాలు చాల్లేదు. బడి గోడకి సున్నం పెచ్చులు లేస్తుంటే అవి గిల్లుకుని తింది. ఆ తర్వాత అవీ చాల్లేదు. మాస్టారి డబ్బాలోంచి సుద్దముక్కలు తీసుకుని తినడం మొదలుపెట్టింది. రోజుకి మూడు.

తినేటప్పుడు బాగుండేది. తిన్నాక భయమేసేది. 'నాకేమైనా దెయ్యం పట్టిందా? మనుషులు సుద్ద తింటారా?' అనుకునేది. రేపు తినకూడదని ఒట్టు పెట్టుకునేది. రేపు మళ్ళీ చెయ్యి డబ్బాలోకి పోయేది.

ఆ బడి మాస్టారి పేరు ధర్మారావు. మంచివాడే, కాస్త తికమక మనిషి. సుద్దముక్కలు తగ్గిపోతుంటే ఆయనకి బుర్ర తిరిగింది. ముందు ఎలుకలు అనుకుని బోను పెట్టాడు. ఎలుక పడలేదు. తర్వాత ఉప్పుగాలికి కరిగిపోతున్నాయేమో అనుకుని డబ్బాకి గుడ్డ చుట్టాడు. గుడ్డ అలాగే ఉంది, సుద్దలు మాత్రం లేవు. మూడోసారి దొంగ అనుకున్నాడు.

డబ్బా చూసుకునే పని పైడితల్లి అనే పిల్లది. నూకరత్నం పక్కనే కూర్చునేది, దాని ప్రాణ స్నేహితురాలు.

"పైడితల్లీ, రేపట్నుంచి డబ్బా నువ్వు ముట్టుకోవద్దు," అన్నాడు మాస్టారు.

పైడితల్లి ఏడవలేదు. నేను కాదు అని కూడా అనలేదు. మధ్యాహ్నం అన్నానికి మాత్రం వరస చివరికి పోయి, గోడవైపు తిరిగి కూర్చుంది. అది చూసి నూకరత్నం ముద్ద కంచంలోనే వదిలేసింది.

బడిలో అన్నం వండే ఆవిడ అసిరమ్మ. నూకరత్నం కంచం పట్టుకుని ఆవిడ దగ్గరికి పోయింది.

"పెద్దమ్మా, సుద్దలు పైడితల్లి తియ్యలేదు. నేను తినేశాను. ఎందుకు తింటన్నానో నాకు తెలీట్లేదు," అంది.

అసిరమ్మ గరిటె కింద పెట్టింది. తిట్టలేదు. పిల్ల మొహం వెలుతురుకి తిప్పి, కంటి కింద రెప్ప వేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సింది, తెల్లగా పాలిపోయి ఉంది.

"నా కడుపున పిల్లోడున్నప్పుడు నేను బెడ్డలు బెడ్డలు మట్టి తిన్నానే. ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. పద, మాస్టారి దగ్గరికి," అంది.

మాస్టారు విన్నాడు. విన్నకొద్దీ ఆయనకి తికమక ఎక్కువైంది. "మధ్యాహ్నం అన్నం పెడుతున్నాం కదా, మళ్ళీ సుద్ద తినడమేమిటి?" అన్నాడు. కోప్పడాలో జాలిపడాలో తెలీలేదు ఆయనకి. చివరికి ఆసుపత్రి నర్సమ్మకి కబురు పెట్టాడు.

మర్నాడు నర్సమ్మ వచ్చింది. నూకరత్నం వేలు చిన్నగా గుచ్చి, చుక్క రక్తం తీసి, చేతిలో పట్టే మిషను మీద చూసింది.

"పిల్లకి రక్తం బాగా తక్కువుంది మాస్టారూ. అలాంటప్పుడు ఒక్కోసారి నాలుక తినకూడనివి అడుగుతుంది. అది దొంగతనమూ కాదు, దెయ్యమూ కాదు. మెట్లెక్కితే ఆయాసం, ఆడుకోబోతే నీరసం, అవన్నీ దీనివల్లే," అంది.

మాస్టారు తల దించుకున్నాడు. ఆటల పీరియడులో నూకరత్నం కూర్చుండిపోతే, బద్ధకం అని రోజూ నిలబెట్టింది ఆయనే మరి.

అప్పుడాయన పిల్లలవైపు తిరిగాడు. "ఇలాంటివి ఇంకెవరైనా తింటున్నారా? నేనేమీ అనను," అన్నాడు.

ముందు ఒక చెయ్యి లేచింది. నేను పచ్చి బియ్యం తింటానండీ. ఇంకొకటి లేచింది. నేను పొయ్యిలో బూడిదండీ. మూడోది లేచింది. నేను వానకి తడిసిన మట్టండీ. అలా తొమ్మిది చేతులు లేచాయి తల్లీ. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ప్రతివాళ్ళూ తామొక్కళ్ళకే పిచ్చి పట్టిందనుకుని అన్నాళ్ళూ దాచుకున్నారు.

అందరికీ పరీక్ష చేసి, నర్సమ్మ నులిపురుగుల మాత్ర వేసింది, రక్తం పట్టే మాత్రలిచ్చింది. అన్నం తినగానే టీ తాగితే రక్తం పట్టదు, తాగొద్దంది.

అంతటితో అయిపోయిందనుకున్నావా? లేదు. మాత్రలు మొదలుపెట్టిన మూడోరోజు నూకరత్నానికి దొడ్డికి నల్లగా అయింది, బొగ్గులాగా. నవ్వకు. వాళ్ళమ్మ హడలిపోయింది.

"ఏటైనాదే నీకు? రక్తం పడతాదంటే కడుపంతా మసైపోనాది," అని మాత్రలు తీసి చూరులో దోపేసింది. మిగతా ఇళ్ళల్లోనూ అంతే. పాపం నర్సమ్మ మళ్ళీ వచ్చి ఇల్లిల్లూ తిరిగింది. ఆ మందుకి అలాగే నల్లగా అవుతుందమ్మా, భయం లేదు, ఆపొద్దు అని చెప్పి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించింది. ఆకుకూరలు కూడా పెట్టమంది.

"ఈ ఉప్పునేల్లో ఆకుకూరెక్కడ మొలుస్తాదమ్మా?" అంది నూకరత్నం వాళ్ళమ్మ.

ఆ మాట విని, రెండు రోజులకి అసిరమ్మే అంది. "ఉప్పు తీసుకెళ్ళే లారీలు తిరిగి ఖాళీగానే వస్తన్నాయి కదా. అవతల ఊరి నుంచి మట్టి వేసుకు రమ్మంటే?"

మట్టి వచ్చింది. పాత ఉప్పు గోతాలు బాగా ఉతికి, వాటి నిండా ఆ మట్టి పోసి, బడి అరుగు మీద వరసగా పెట్టారు. తోటకూర గింజలు చల్లారు. మొదటిసారి ఎండిపోయాయి. రెండోసారి మేకలు మేసేశాయి. మూడోసారి ముళ్ళకంప కట్టారు. అప్పుడు ఏపుగా పెరిగింది. మాత్రలూ ఆ కూరా తినగా తినగా నూకరత్నానికి సుద్ద తినాలనిపించడం పోయింది.

మరి పైడితల్లి ఏమైందంటావా? మాస్టారు అందరి ముందూ, నాదే తప్పమ్మా అని డబ్బా మళ్ళీ దాని చేతికిచ్చాడు. పుచ్చుకుంది. అయినా నూకరత్నంతో చాలా రోజులు మాట్లాడలేదు.

ఒకరోజు ఇద్దరికీ కలిపి తోటకూరకి నీళ్ళు పోసే వంతు వచ్చింది. నూకరత్నం చెంబు పట్టుకుని నిలబడింది.

"నేనే తిన్నానని అప్పుడు నీకు తెలీదు కదా," అంది మెల్లిగా.

"ముందునుంచీ తెలుసు. చూశాను," అంది పైడితల్లి.

"మరి మాస్టారికి ఎందుకు చెప్పలేదు?"

"నీకేమైందో నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండా ఏమని చెప్పను?" అంది పైడితల్లి.

నూకరత్నం చెంబు దాని చేతికిచ్చింది. పైడితల్లి సగం పోసి, మిగతా సగం పొయ్యమని తిరిగి ఇచ్చింది.

అంతే తల్లీ.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన ఇంటి తలుపు తట్టింది.