పెరట్లో దండయాత్ర

పూర్వం తుంగవీడు అనే చిన్న రాజ్యాన్ని రణకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. పేరులో రణం ఉందే తప్ప ఆయన ఏలుబడిలో యుద్ధమన్నదే రాలేదు. ఆ లోటు ఆయనకు మనసులో ఉండిపోయింది. అందుకే ఏ పని చేసినా దండయాత్రలాగే చేసేవాడు.

పొరుగు రాజు జయపాలుడు తన పెరట్లో తానే కాకరపాదు పెంచానని కబురంపాడు. రణకేసరి ఊరుకుంటాడా? కోట వెనుక వంగ, బెండ, చిక్కుడు నాటించి, మూడు నెలల తర్వాత వచ్చే పున్నమినాడు తన తోట వంకాయలతో విందుకు రమ్మని జయపాలుణ్ణి పిలిచాడు.

మొక్కలు బాగానే ఎదిగాయి. అంతలో చిక్కుడు తీగకు పేనుబంక అనే సన్నపురుగు పట్టింది. వంగ ఆకులను పురుగులు జల్లెడ చేశాయి. రాజు సేనాపతిని పిలిచి శత్రువును నరకమన్నాడు. సైనికులు కత్తులు దూసి తోటలోకి దూకారు. బెండమొక్కలు సగం నేల కూలాయి. పురుగులు మాత్రం ఆకుల కింద చల్లగా ఉన్నాయి.

రాజుకు కోపం వచ్చింది. ఇదంతా తోటమాలి గంగులు అశ్రద్ధేనని, వాణ్ణి కుటుంబంతో సహా రాజ్యం దాటించమని ఆజ్ఞాపించాడు. గంగులు భార్య నిండు చూలాలు.

కొలువులో పేరిశాస్త్రి అనే చమత్కారి ఉన్నాడు. అతను లేచి, "ప్రభూ, యుద్ధం ఓడింది సైన్యం సరిపోకే. నన్ను వేరే సైన్యం దింపనివ్వండి. గంగులు నాకు తోడుంటాడు. పున్నమికి తోట బాగుపడకపోతే అతనితో పాటు నేనూ వెళ్లిపోతాను" అన్నాడు. తాను దింపే సైన్యాన్ని రాజుతో సహా ఎవరూ అడ్డుకోరాదని మాట కూడా తీసుకున్నాడు. సైన్యమనే మాట వినగానే రాజు సంతోషించి నిండు కొలువులో ఒట్టు వేశాడు.

శాస్త్రి ముందుగా తోటలో వడిసెల పట్టుకుని తిరిగే వాళ్లను ఇళ్లకు పంపించేశాడు. పొద్దున్నే పిట్టల గోలకు నిద్ర చెడుతోందని రాజు పెట్టించిన కాపలా అది. తర్వాత గోడ పొడవునా మూకుళ్లలో నీళ్లు పెట్టించి, నూకలు చల్లించాడు. నేల మీది పురుగులను ఏరి తినడానికి గంగులు తన కోళ్లను తెచ్చి వదిలాడు. ఇద్దరూ కలిసి పురుగు తొలిచిన కొమ్మల చివర్లు తుంచారు. వేపగింజలు దంచి నానబెట్టి, వడగట్టి, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రాలు ఆకుల అడుగున చిలకరించారు.

కొద్ది రోజులకే పిచ్చుకలూ గోరింకలూ గుంపులుగా దిగాయి. తెల్లవారకముందే మొదలైన ఆ గోలకు రాజు లేచి విసవిసా తోటలోకి వచ్చాడు.

"నేను తరిమించిన పిట్టలను ఎవరు రానిచ్చారు?"

"తమరే ప్రభూ. మొన్న ఒట్టు వేశారు కదా, ఇదే ఆ సైన్యం" అన్నాడు శాస్త్రి.

రాజు పళ్లు కొరుక్కున్నాడు. ఎదుట చిక్కుడాకు మీద నల్లచుక్కల ఎర్ర పురుగు కనబడితే నలపబోయాడు. శాస్త్రి చెయ్యి అడ్డుపెట్టి, "అది అక్షింతల పురుగు, పేనుబంకను తింటుంది. మనవాడే ప్రభూ" అన్నాడు.

అప్పుడే ఒక గోరింక వంగమొక్క మీద వాలి, లావుపాటి గొంగళిపురుగును లాగింది. పురుగు ఆకును వదల్లేదు. గోరింకా వదల్లేదు. రాజు ఊపిరి బిగబట్టి చూశాడు. చివరికి గోరింక గెలిచి ఎగిరిపోతే ఆయన తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. మర్నాటి నుంచి కోడి కూయకముందే తోటలో పీట వేయించుకుని కూర్చోసాగాడు.

పున్నమి వచ్చింది. చిక్కుడు గుత్తులు గుత్తులుగా కాసింది. వంకాయలు నిగనిగలాడాయి. రణకేసరి మీసం దువ్వుతూ, తన తోటలో పురుగన్నది కంటికి కనబడదని జయపాలుడితో చెప్పాడు. జయపాలుడు పళ్లెంలో అలంకరించిన పచ్చి వంకాయనొకటి తీసి విరిచాడు. లోపలి నుంచి ఒక పురుగు తీరిగ్గా తల బయటపెట్టింది.

రణకేసరి ముఖం కందగడ్డయింది.

పేరిశాస్త్రి ముందుకు వచ్చి జయపాలుడికి నమస్కరించాడు. "మహారాజా, యుద్ధం గెలిచాక ఓడినవాళ్లలో ఒకణ్ణి బందీగా తెచ్చి అతిథికి చూపించడం మా తుంగవీడు మర్యాద. ప్రాణాలతో చిక్కినవాడు వీడొక్కడే" అన్నాడు.

ముందు జయపాలుడు నవ్వాడు. ఆ వెంటనే రణకేసరి పొట్ట పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తన భుజాన ఉన్న పట్టుశాలువ తీసి శాస్త్రికి కప్పాడు. గంగులును దగ్గరకు పిలిచి, కోట పక్కనే ఇల్లు కట్టించి ఇస్తానని, పుట్టబోయే బిడ్డకు ఊయల తానే పంపుతానని చెప్పాడు.

ఆ సాయంత్రం జయపాలుడి పల్లకి వెనకాలే, ఆయన కాకరపాదును కాయడానికి, రెండు గంపల కోళ్లు కూడా పొరుగు రాజ్యానికి బయలుదేరాయి.